‘స్లోలీ’ అని రాసే ముందు ఆ మనిషి కాళ్ళు చూడండి

విజయనగరంలో మా ఇంటి వరండాలో సాయంత్రాలు ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. మొన్న ఒకమ్మాయి రాసిన కథలో ‘వాక్డ్ స్లోలీ’ ఆరుసార్లు వచ్చింది. తప్పేమీ కాదు. కానీ ఆరుచోట్లా నడిచిన మనుషులు వేరు. “వీళ్ళది తీరికా, నీరసమా, భయమా, బద్ధకమా? అది తేల్చుకో, క్రియ దానంతటదే దొరుకుతుంది” అన్నాను.

తీరికైతే స్ట్రోల్. పెద్ద చెరువు గట్టున చల్లగాలికి తిరగడం అదే. ఆంబుల్ ఇంకాస్త నింపాది. మొదట్లో గుర్రం నడకకు వాడిన మాట, లాటిన్‌లో ‘నడుచు’ అనే ధాతువు నుంచి వచ్చింది. అంబులెన్స్ పుట్టిందీ ఆ ధాతువులోంచే. అప్పట్లో దాని అర్థం సైన్యం వెంట కదిలే ఆసుపత్రి. సాంటర్‌లో కొంచెం దర్జా ఉంటుంది. క్లాసుకు అరగంట ఆలస్యమైనా జేబులో చేతులు పెట్టుకుని వచ్చే కుర్రాడిది సాంటరే.

నీరసమైతే ట్రడ్జ్. ఈ మాట దగ్గర పిల్లలను కాసేపు ఆపుతాను. బొబ్బిలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో ఉభాల రోజుల్లో, అంటే వరినాట్ల వేళ, మా పిన్ని పొద్దుగూకాక ఇంటికొచ్చేది. మోకాళ్ళ దాకా బురద, నడుము పూర్తిగా నిలబడదు. గట్టు మీద ఒక పాదం పీకి పెట్టాక రెండోదాని కోసం ఒక క్షణం ఆగేది. ఆ ఆగడంతో సహా ట్రడ్జ్. ప్లాడ్ కూడా బరువైన అడుగే, కానీ ఎక్కడా ఆగదు. అందుకే ఇష్టం లేని లావుపాటి పుస్తకాన్ని పట్టుదలగా చదివేవాణ్ణి ‘ప్లాడ్ త్రూ’ చేస్తున్నాడంటారు.

షఫుల్‌లో పాదం నేల వదలదు. మా మావయ్యగారు నిద్ర లేచి వంటింటి వైపు వస్తుంటే చెప్పులు రాసుకునే చప్పుడు ముందు వస్తుంది, ఆయన తర్వాత వస్తారు.

భయమో, దొంగతనమో అయితే క్రీప్. భూతకాలంలో క్రెప్ట్ అవుతుంది, క్రీప్డ్ అని రాయకండి. పసిపిల్లలు పాకడం క్రాల్. ఇరుక్కుపోయిన ట్రాఫిక్కుకూ అదే వాడతారు. మా ఊరి జాతరలో ఊరేగించే సిరిమాను మాత్రం పైడితల్లమ్మ గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది కదా, ఆ జనంలో దాని కదలికకు నేను ‘ఇంచ్’ అనే క్రియ వాడమంటాను. అంగుళం అంగుళంగా ముందుకు జరగడం.

ఇక అందరూ కలగలిపేసే మూడు మాటలు. డాడిల్ అంటే జాగు చేయడం. బస్సు వచ్చే వేళకు ఇడ్లీ ముందు కూర్చుని తుంచుతూ ఉండేవాడిది. లింగర్‌లో మనసు అక్కడే ఉంటుంది. పెళ్ళి అయిపోయినా పందిట్లోంచి కదలలేని చుట్టాలు, గదిలో ఇంకా మిగిలున్న సాంబ్రాణి వాసన. లాయిటర్ అంటే తచ్చాడటం, అందులో అనుమానం ఉంటుంది. ఇది నాకు దెబ్బ తిని తెలిసింది. మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో, సాయంత్రాలు గుడి దగ్గర లాయిటర్ చేస్తానని చెప్పాను. అడిగినాయన ముఖం మారిపోయింది. స్ట్రోల్ అనాల్సింది. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

కాళ్ళతో పని లేని నెమ్మదికి ప్రొక్రాస్టినేట్. లాటిన్‌లో ‘క్రాస్’ అంటే రేపు. మన ‘రేపు చూద్దాంలే’ ఆ మాట కడుపులోనే ఉంది. ఎటూ తేల్చుకోలేక మీనమేషాలు లెక్కపెట్టేవాడిది మాత్రం డిథర్.

ఆ అమ్మాయి మర్నాడు కథ తిరగరాసి తెచ్చింది. అయిదుచోట్ల మార్చింది. ఒకచోట మాత్రం ‘వాక్డ్ స్లోలీ’ అలాగే ఉంచింది. “అతను ఎందుకు నెమ్మదిగా నడుస్తున్నాడో అప్పటికి చదివేవాళ్ళకి తెలియకూడదు టీచర్” అంది. దాని పక్కన టిక్కు పెట్టాను.