మారియో గుంటలో పడితే తప్పు మీది కాకపోవచ్చు: పాత వీడియో గేములు ఇప్పుడు ఆడుకోవడం ఎలా

సూపర్ మారియో మొదటి లెవెల్‌లో నాలుగు పైపులు దాటాక ఒక గుంట వస్తుంది. చిన్నప్పుడు అన్నయ్యతో కబుర్లు చెబుతూనే దాన్ని దూకేసేదాన్ని. పాత గేములు ఆడించే ఎమ్యులేటర్ పెట్టుకున్న మొదటి రోజు మాత్రం ఆ గుంటలో వరసగా మూడుసార్లు పడ్డాను. వయసు మీద పడింది, చేతులు మొద్దుబారాయి అనుకుని సరిపెట్టుకున్నాను కూడా. నెల తర్వాత టీవీ సెట్టింగుల్లో దేనికోసమో వెతుకుతుంటే గేమ్ మోడ్ కనబడింది. ఆన్ చేసి ఆడితే మొదటిసారే దాటేశాను.

అందుకే "పాత గేములు ఆడాలంటే ఏం ఇన్‌స్టాల్ చేసుకోవాలి?" అని ఎవరైనా అడిగితే, అది పది నిమిషాల పని, అసలు పని ఆ తర్వాత ఉంది అంటాను. వేల గేములు పోగేసుకోకండి. లిస్టు కిందికీ పైకీ జరుపుకోవడంతోనే సాయంత్రం గడిచిపోతుంది. బాగా గుర్తున్న ఒక్క గేమ్ తీసుకోండి. అది చేతికి అప్పట్లా అనిపించేదాకా దానితోనే కుస్తీ పట్టండి.

ఏ మెషీన్‌కి ఏది

ఎమ్యులేటర్ అంటే పాత మెషీన్‌లా నటించే ప్రోగ్రామ్. ఆ ప్రాసెసర్ ఏ ఆదేశానికి ఏం చేసేదో, బొమ్మ గీసే చిప్ ఎప్పుడు ఏ గీత గీసేదో, అన్నీ సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ చేసి చూపిస్తుంది. 1983లో జపాన్‌లో ఫామికామ్ పేరుతో వచ్చి, తర్వాత ఎన్ఈఎస్ అయిన నింటెండో మెషీన్ ప్రాసెసర్ వేగం 1.79 మెగాహెర్ట్జ్. మీ చేతిలో ఉన్న ఫోనుకి అదొక లెక్కే కాదు. గేమ్‌బాయ్, మెగాడ్రైవ్, సూపర్ నింటెండో, గేమ్‌బాయ్ అడ్వాన్స్ కూడా అంతే. ప్లేస్టేషన్ 1 కూడా ఇబ్బంది పెట్టదు. 1996 నాటి నింటెండో 64 మాత్రం ఒక్కో గేముకి ఒక్కో రకంగా పేచీ పెడుతుంది. ప్లేస్టేషన్ 2, గేమ్‌క్యూబ్ ఆడాలంటే కాస్త బలమైన కంప్యూటర్ ఉంటే సుఖం. ఫోనులోనూ నడవొచ్చు కానీ వేడెక్కుతుంది, బ్యాటరీ కళ్లముందే కరిగిపోతుంది.

కంప్యూటర్‌లో నేను వాడేవి చెబుతాను. ఎన్ఈఎస్‌కి, సూపర్ నింటెండోకి మెసెన్. గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి ఎంజీబీఏ. ప్లేస్టేషన్ 1కి డక్‌స్టేషన్, 2కి పీసీఎస్ఎక్స్2. గేమ్‌క్యూబ్‌కి డాల్ఫిన్. ఆర్కేడ్ గేములకి 1997లో మొదలై ఇప్పటికీ నడుస్తున్న మేమ్. ఐఫోన్ వాళ్లు ఒకప్పుడు నానా తంటాలు పడేవాళ్లు. 2024 ఏప్రిల్‌లో ఎమ్యులేటర్లని రానివ్వని నియమాన్ని ఆపిల్ మార్చుకున్నాక డెల్టా అనే ఎమ్యులేటర్ నేరుగా యాప్ స్టోర్‌లోనే దొరుకుతోంది.

ఇవన్నీ విడివిడిగా ఎందుకు అనుకుంటే రెట్రోఆర్క్ ఉంది. అదొక చట్రం. ఒక్కో మెషీన్‌కి ఒక్కో కోర్, అంటే ఆ మెషీన్ ఎమ్యులేటర్, దించుకుని అందులో బిగించుకోవాలి. దాని మెనూలో మొదటి వారం దారి తప్పినవాళ్లలో నేనూ ఒకదాన్ని. కంట్రోలర్‌లో ఒక్క బటన్ మార్చాలన్నా అది గేముకా, కోర్‌కా, మొత్తానికా అని ఆలోచించుకోవాలి. ఒకే మెషీన్ చాలనుకుంటే దాని జోలికి పోవద్దు. కింద చెప్పబోయే ఆలస్యం సంగతి కోసమైతే మాత్రం నేర్చుకోవడం దండగ కాదు.

గేము ఫైళ్లు

ఎమ్యులేటర్ వేరు, గేము వేరు. ప్లేస్టేషన్ ఎమ్యులేటర్ తయారుచేసిన కనెక్టిక్స్ మీద సోనీ వేసిన కేసులో అమెరికా అప్పీలు కోర్టు 2000లో కనెక్టిక్స్ వైపే మొగ్గింది. గేములకి, మెషీన్ బయోస్‌కి (ఆన్ చేయగానే నడిచే దాని సొంత ప్రోగ్రామ్) మాత్రం కాపీరైట్ ఉంటుంది. కాబట్టి మీ దగ్గరున్న డిస్కుల్ని, కాట్రిడ్జ్‌ల్ని మీరే ఫైళ్లుగా తీసుకోవడం మంచి పద్ధతి. ప్లేస్టేషన్ 1 డిస్కుని కంప్యూటర్‌లోని మామూలు డీవీడీ డ్రైవ్ చదువుతుంది. కాట్రిడ్జ్‌లకైతే యూఎస్‌బీతో కలిపే రీడర్లు దొరుకుతాయి. ఏదీ లేదంటే ఇప్పటివాళ్లు పాత మెషీన్ల కోసం కొత్తగా రాస్తున్న గేములు కొనుక్కోండి. 2019లో ఎన్ఈఎస్ కోసం వచ్చిన మైక్రో మేజెస్ మొత్తం 40 కిలోబైట్లే. ఒక ఫొటో అంతకంటే ఎన్నో రెట్లు ఉంటుంది! ఈ తలనొప్పులేవీ వద్దనుకుంటే నింటెండో స్విచ్ ఆన్‌లైన్ చందా కట్టి, వాళ్లు ఇచ్చిన పాత గేములు ఆడుకోవచ్చు. ఏది ఉండాలో వాళ్ల ఇష్టం, మన ఇష్టం కాదు.

ప్లేస్టేషన్ డిస్కు ఫైలుగా మారితే సాధారణంగా రెండు ముక్కలొస్తాయి, బిన్, క్యూ. అసలు సరుకంతా బిన్‌లో ఉంటుంది. క్యూ అనేది నాలుగు లైన్ల చీటీ, అంతే. ఎమ్యులేటర్‌లో తెరవాల్సింది మాత్రం ఆ చీటీనే. బిన్‌ని నేరుగా తెరిస్తే గేము మొదలైనా, సీడీ పాటలున్న గేముల్లో సంగీతం మాయమవుతుంది. నేను చేసిన ఘనకార్యం ఇంకోటి. పేరు పొడుగ్గా ఉందని బిన్ ఫైలు పేరు మార్చాను. ఇక గేము తెరుచుకోదు. క్యూని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే మొదటి లైన్లో పాత పేరే ఉంది. అక్కడ కొత్త పేరు రాసి సేవ్ చేస్తే సరిపోయింది. అప్పటినుంచీ ఈ రెండిటినీ కలిపి సీహెచ్‌డీగా మార్చి పెట్టుకుంటున్నాను. ఒకటే ఫైలు, సైజూ తగ్గుతుంది. మార్చే పనిముట్టు మేమ్‌తోపాటే వస్తుంది.

ప్లేస్టేషన్‌కి బయోస్ ఫైలు కూడా కావాలి. 512 కిలోబైట్లు ఉంటుంది. రెట్రోఆర్క్‌లో దాన్ని సిస్టమ్ అనే ఫోల్డర్‌లో, కోర్ కోరిన పేరుతోనే పెట్టాలి. గేము బదులు నల్ల తెర వస్తే నేను ముందు చూసేది ఇక్కడే.

ఆలస్యం

ఇక గుంట సంగతికి వద్దాం. ఈ గేములు సెకనుకి సుమారు 60 ఫ్రేములు గీస్తాయి, అంటే ఒక్కో ఫ్రేముకి దాదాపు 16.7 మిల్లీసెకన్లు. పాత డబ్బా టీవీ వచ్చిన బొమ్మని వచ్చినట్టే గీసేసేది. ఇప్పటి టీవీ దాన్ని పట్టుకుని, మెరుగులు దిద్ది, అప్పుడు చూపిస్తుంది. మీరు బటన్ నొక్కిన నాలుగైదు ఫ్రేముల తర్వాత మారియో ఎగిరితే గుంటలో పడక ఏమవుతాడు? గేమ్ మోడ్ ఆ మెరుగుల్లో చాలావాటిని ఆపేస్తుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్ కూడా తీసేయండి, శబ్దం వెనకపడుతుంది. కంట్రోలర్‌ని వైరుతో కలపండి.

మిగిలిన కాస్త ఆలస్యాన్ని రెట్రోఆర్క్‌లో రన్ అహెడ్ అనే సెట్టింగ్ మింగేస్తుంది. ఎంత పెట్టాలో ఊహించక్కర్లేదు, లెక్కపెట్టొచ్చు. గేము నడుస్తుండగా కీబోర్డ్ మీద 'పి' నొక్కి ఆపండి. దూకే బటన్ నొక్కి పట్టుకోండి. వదలకుండా 'కె' ఒక్కోసారి నొక్కుతూ వెళ్లండి, నొక్కినప్పుడల్లా ఒక్క ఫ్రేము కదులుతుంది. నాకు మారియో రెండో నొక్కుకి లేచాడు. అందులోంచి ఒకటి తీసేసి, లేటెన్సీ (ఆలస్యం) సెట్టింగుల్లో రన్ అహెడ్‌కి 1 ఇచ్చాను. ఎక్కువిస్తే ఇంకా బాగుంటుందని 3 పెట్టి చూశాను, బొమ్మ మధ్యమధ్యలో తెగి గెంతింది. లెక్కకి వచ్చినంతే పెట్టండి.

గేము మొత్తం నత్తనడక నడుస్తూ పాట కూడా సాగదీసినట్టుంటే అది ఆలస్యం కాదు. ఫైలు పేరులో యూరప్ అని ఉందేమో చూడండి. అక్కడి టీవీలు సెకనుకి 50 సార్లే గీసేవి, చాలా గేములు ఆ వేగానికి సర్దకుండానే అమ్మేశారు.

బొమ్మ

తెర నిండా సాగదీయకండి. నిష్పత్తి 4:3 పెట్టండి, పక్కన నల్ల పట్టీలు ఉంటే ఉండనివ్వండి. సోనిక్ మొదటి భాగంలో జలపాతాలు గుర్తున్నాయా? ఇప్పటి తెర మీద దగ్గరికెళ్లి చూస్తే అవి నీళ్లు కావు, ఒకటి విడిచి ఒకటి నిలువు గీతలు. పాత కేబుల్, పాత టీవీ కలిసి ఆ గీతల్ని అలికేస్తే వెనక గోడ కనబడే నీళ్లయ్యేవి. సీఆర్‌టీ షేడర్లలో, అంటే డబ్బా టీవీ బొమ్మని తెప్పించే ఫిల్టర్లలో, ఆ పాత కాంపోజిట్ కేబుల్‌ని అనుకరించేది ఒకటి వేస్తే ఆ నీళ్లు మళ్లీ వస్తాయి. ఉత్త స్కాన్‌లైన్లు, అంటే అడ్డంగా నల్ల గీతలు, వేస్తే రావు.

సేవ్

సేవ్ స్టేట్ అంటే ఆ క్షణాన మెషీన్ మెమరీ మొత్తానికి తీసిన ఫొటో. దాని మీదే ఆధారపడి ఒక రోల్ ప్లేయింగ్ గేము ముప్ఫై గంటలు ఆడాను. గేము లోపలి సేవ్ పాయింట్ల దగ్గర ఒక్కసారీ ఆగలేదు, ఎందుకులే అని. ఎమ్యులేటర్ అప్‌డేట్ చేశాను. కొత్త వెర్షన్ ఆ పాత ఫొటోని చదవలేదు. ఆ గేము మళ్లీ ముట్టుకోలేదు.

స్టేట్‌ని కష్టమైన బాస్ ముందు వాడుకోండి, అందులో సిగ్గేం లేదు. రోజు ఆట ముగించేటప్పుడు మాత్రం గేము లోపలే సేవ్ చేయండి. రెట్రోఆర్క్‌లో ఇంకో మెలిక ఉంది. సేవ్‌ర్యామ్ ఆటోసేవ్ ఇంటర్వెల్ ఆఫ్‌లో ఉంటే, గేముని మెనూలోంచి మూసినప్పుడే ఆ సేవ్ ఫైలులోకి చేరుతుంది. ఫోనులో యాప్‌ని ఒక్క తోపు తోసి మూసేస్తే పోయినట్టే. దాన్ని 10 సెకన్లకు పెట్టుకోండి. సేవ్ ఫోల్డర్‌ని అప్పుడప్పుడూ వేరేచోట కాపీ చేసుకోండి. గేము లోపలి సేవ్ ఉండే ఎస్ఆర్ఎం ఫైలు చాలా చిన్నది, వేరే ఎమ్యులేటర్లలోనూ చాలావరకు పనిచేస్తుంది.