యానాం ఒక్కరోజు ప్రయాణం: సరిహద్దు గీతను చూసి రావడం ఎలా

యానాం వెళ్లేవాళ్లలో చాలామంది ఏటిగట్టు మీద కాసేపు కూర్చుని, ఈఫిల్ టవర్‌ని పోలిన టవరు ముందు ఫోటో దిగి తిరిగొచ్చేస్తారు. గంటన్నర పని. దానికోసం అంత దూరం వెళ్లనక్కర్లేదు. ఆ ఊళ్లో చూడాల్సింది సరిహద్దు గీత. ముప్ఫై చదరపు కిలోమీటర్ల ఊరు, చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలన మాత్రం 870 కిలోమీటర్ల అవతల ఉన్న పుదుచ్చేరిది. ఫ్రెంచివాళ్లు 1723లో ఇక్కడ దిగారు, 1727లో వదిలేశారు, 1731లో మళ్లీ వచ్చారు. మధ్యలో ఇంగ్లీషువాళ్లు ఎన్నిసార్లు లాక్కున్నా, చివరికి 1954 దాకా ఉన్నారు. వాళ్లు పోయినా గీత పోలేదు. అది కళ్లకు కనబడాలంటే ఎక్కడ చూడాలో తెలిసుండాలి.

ముందు రోజు చూసుకోవలసినవి. హాయిగా తిరగడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. పులస చేప కోసమైతే జులై, ఆగస్టు, సెప్టెంబరు. కానీ అది వరదల కాలం కూడా. బయల్దేరే ముందు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం చూడండి: 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండో హెచ్చరిక జారీ అయితే ప్రయాణం వాయిదా వేసుకోవడమే మంచిది. మూడోది దాటితే ఆ మాటే ఎత్తొద్దు. ఎగువ నీళ్లు గోదావరి పాయ గౌతమిలో దిగి యానాం చేరేసరికి, సముద్రం పోటు మీద ఉంటే నీరు వెనక్కి తన్ని ఊళ్లోకి వచ్చేస్తుంది. 1986లోనూ, 2022 జులైలోనూ యానాం మునిగింది.

యానాంకి రైలు లేదు. కాకినాడలో దిగి బస్సెక్కితే దాదాపు ముప్ఫై కిలోమీటర్లు, ఓ గంట. అమలాపురం బస్సులు యానాం మీదుగానే వెళ్తాయి కాబట్టి బోర్డు మీద యానాం అని లేకపోయినా కండక్టర్ని అడగండి. రాజమండ్రి నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా వస్తే రెండు గంటలు పైనే పడుతుంది. అయినా ఆ దారిలో భీమేశ్వరుణ్ణి చూసుకుని రావచ్చు. కోనసీమ వైపు నుంచి వచ్చేవాళ్లకి ముమ్మిడివరం, మురమళ్ల, ఎదుర్లంక, ఆపైన వంతెన. అద్దె కారైతే పుదుచ్చేరిలోకి వెళ్లే పర్మిట్ ఉందో లేదో డ్రైవర్ని ముందు రోజే అడగండి. గీత దగ్గర ఆపినప్పుడు అడిగితే రోజంతా పాడవుతుంది.

మూడు రకాలుగా వస్తే మూడు యానాంలు కనబడతాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు ఎదుర్లంక వైపు నుంచే రావాలని మా సలహా. గౌతమి మీది ఆ వంతెనకి లోక్‌సభ స్పీకరుగా చేసిన జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు, ఆయన పుట్టింది ఎదుర్లంకలోనే. వంతెన దాటుతుంటే కోనసీమ కొబ్బరితోటలు వెనక్కి పోయి, వెడల్పాటి గౌతమి, అవతలి ఒడ్డున ఊరు ఒక్కసారిగా కనబడతాయి. వంతెన మీద బండి మాత్రం ఆపొద్దు. అది 216వ నంబరు జాతీయ రహదారి, లారీలు ఆగవు.

ఊళ్లోకి దిగాక టవరు వైపు పరుగెత్తకుండా ముందు ఒక టీ కొట్టు దగ్గర నిలబడండి. వచ్చేపోయే బండ్ల నంబర్లు చూడండి. ఏపీ ప్లేట్ల మధ్య పీవై 04 అని కనబడేవి యానాంవి. పుదుచ్చేరి ఒకటి, కారైకాల్ రెండు, మాహే మూడు, యానాం నాలుగు. ఏదైనా కొంటే బిల్లు అడిగి తీసుకోండి. జీఎస్టీ నంబరు 34తో మొదలైతే మీరు యానాంలో ఉన్నట్టు, 37తో మొదలైతే ఆంధ్రలో ఉన్నట్టు. అదే కొట్టు బోర్డు మీద పిన్‌కోడు చూస్తే 533464 అని ఉంటుంది. 533 ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాది. ఫోన్ కోడు 0884, అది కాకినాడది. అంటే పన్ను పుదుచ్చేరికి, ఉత్తరం మాత్రం గోదావరి జిల్లా లెక్కలో. కోర్టు అప్పీలు మద్రాసు హైకోర్టుకి, మాట్లాడేది మన తెలుగే. ఒక్క కొట్టు ముందు పది నిమిషాలు నిలబడితే ఇదంతా తెలుస్తుంది. కానిస్టేబుల్ కనబడితే తల మీది టోపీ చూడండి. పుదుచ్చేరి పోలీసుల ఎర్ర టోపీ ఫ్రెంచి కాలంనాటి వాడుక.

ఈ గీత వల్ల ఒకప్పుడు యానాంకి కల్యాణపురం అని పేరొచ్చింది. 1929లో శారదా చట్టం వచ్చి బాల్యవివాహాలు ఆగేసరికి, చుట్టుపక్కల ఇంగ్లీషు ఏలుబడిలోని ఊళ్లవాళ్లు పెళ్లిబృందాలతో ఇక్కడికొచ్చి తాళి కట్టించేవారు. ఫ్రెంచి నేల మీద ఆ చట్టం చెల్లదు మరి. పక్కనే ఉన్న ఇంజరంలో ఇంగ్లీషువాళ్లకి బట్టల వర్తకం ఉండేది. ఫ్రెంచి ఊరి నుంచి ఇంగ్లీషు ఊరికి నడిచి వెళ్లిపోవచ్చు.

పాత కట్టడాలు పొద్దున్నే చూసేయండి. సెయింట్ ఆన్స్ చర్చి 19వ శతాబ్దం మధ్యలో కట్టింది. ఆదివారం పూజ జరిగేటప్పుడు ఫోటోల కోసం లోపలికి వెళ్లొద్దు. మీసాల వెంకన్న గుడికి పదకొండులోపు చేరుకోవాలి, ఆలస్యమైతే మధ్యాహ్నం తలుపులు వేసేస్తారు. స్వామికి మీసాలుంటాయి, అందుకే ఆ పేరు. తేదీలు కూడా గుర్తుంచుకోండి. నవంబరు 1న, అంటే 1954లో పాలన చేతులు మారిన రోజున, పుదుచ్చేరి ప్రభుత్వానికి సెలవు. 1962 ఆగస్టు 16న చట్టప్రకారం విలీనమైంది. ఆఫీసుల్లో పనుంటే ఆంధ్ర కేలండరు చూసి బయల్దేరకండి.

ఏటిగట్టుని బీచి అంటారు. అది నమ్మి పిల్లలకి ఈతబట్టలు సర్దుకుని వస్తే నిరాశే. ఎదురుగా ఉన్నది గౌతమి, సముద్రం ఇంకా కిలోమీటర్ల దిగువన ఉంది. స్నానానికి దిగొద్దు. పైకి నిమ్మళంగా కనబడినా పోటుపాట్లకి లోపల లాగుడు ఉంటుంది, ఒడ్డున ఒండ్రులో కాలు దిగబడితే తియ్యడం కష్టం. సాయంత్రం ఐదింటికి వచ్చి కూర్చోండి, ఎదుర్లంక వైపు పొద్దు వాలుతుంటే చూడొచ్చు.

ఇక పులస. సముద్రంలో ఉన్నప్పుడు వలస, గోదాట్లో ఎదురీదితే పులస. ఎర్రనీటికి ఎదురు ఈదేకొద్దీ ఒంట్లో ఉప్పు తగ్గి, కొవ్వు పట్టి రుచి మారుతుంది. మోసం జరిగేది ఇక్కడే. ఒడిశా నుంచో బంగ్లాదేశ్ నుంచో ఐసులో వచ్చిన సముద్రపు చేపని పులస అని అమ్ముతారు. సముద్రపుది తెల్లగా వెండిలా మెరుస్తుంది. గోదావరిదానికి పొలుసు మీద పసుపు, ఎరుపు కలిసిన చాయ ఉంటుంది. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడకూడదు. వరద నీరు రాకముందే, మే నెలలో, ఎవరైనా పులస అంటే దండం పెట్టి వచ్చేయండి. ధర కిలో వేలల్లో ఉంటుంది, కాబట్టి ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కోవడం నయం. హోటల్లో తినేటట్టయితే ముక్క ధర ముందే మాట్లాడుకోండి. పులుసు మట్టి దాకలో, సన్నమంట మీద, బెండకాయలు వేసి ముందు రోజు రాత్రి వండిందయితేనే బాగుంటుంది. సన్న ముళ్లు చాలా ఎక్కువ. చిన్నపిల్లలకి వేళ్లతో విడదీసి పెట్టాలి.

పులస దొరకని నెలల్లో పండుగప్ప అడగండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్ల వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలు ఎంపిక తక్కువ.

తిరిగి వచ్చేటప్పుడు గీత మళ్లీ గుర్తుకు రావాలి. పుదుచ్చేరి పన్ను తక్కువ కాబట్టి యానాంలో పెట్రోలు ఆంధ్ర కన్నా చౌక. ట్యాంకు నింపుకోండి, డబ్బాల్లో మాత్రం పట్టుకెళ్లొద్దు. మందు కూడా చౌకే, కానీ ఆ సీసా గీత దాటిందంటే ఆంధ్ర ఎక్సైజు లెక్కలో పన్ను కట్టని సరుకు. తనిఖీలో దొరికితే కేసు, బండి కూడా పోవచ్చు. బంధువులు తెమ్మన్నా ఒప్పుకోకండి.

చేప ఇంటికి తీసుకెళ్లాలంటే కోయించకుండా, పొట్ట మాత్రం శుభ్రం చేయించి, థర్మాకోల్ పెట్టెలో కిందా పైనా ఐసు పరిపించండి. జన, అంటే చేపగుడ్లు, ఉంటే విడిగా కట్టించుకోండి. ఆ రాత్రికే పొయ్యి మీదికి ఎక్కాలి కాబట్టి, ఆఖరి బస్సు ఎన్నింటికో పొద్దున దిగినప్పుడే బస్టాండులో అడిగిపెట్టుకోండి.