ఇంట్లో ఉండే పెద్దవాళ్ళలో పోషకాహార లోపాన్ని ఎలా గుర్తించాలి?

"వయసు మీద పడింది కదా, చిక్కిపోతారు" అని సరిపెట్టుకోవడం వల్లే ఈ లోపం నెలల తరబడి ఎవరి కంటా పడదు. వయసుతో కండ కొంత కరుగుతుంది, నిజమే. కానీ ఆరు నెలల్లో నాలుగైదు కిలోలు పోతే దానికి వయసు కారణం కాదు. లావుగా ఉన్నవాళ్ళకు ఈ బాధ ఉండదనుకోవడం ఇంకో పొరపాటు.

ఒక డిజిటల్ తూకం, సాగని మెత్తటి టేపు, ఒక నోటుబుక్కు చాలు. తూకాన్ని గట్టి నేల మీదే పెట్టాలి. ఉదయం మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, పలచటి బట్టలతో బరువు చూడాలి. ప్రతిసారీ అదే తూకం వాడాలి. ఫోన్ యాప్‌లో కాదు, నోటుబుక్కులోనే రాయండి. డాక్టరు ముందు తెరిచి చూపించడానికి అదే పనికొస్తుంది.

ఇక అసలు కష్టం పాత బరువు తెలుసుకోవడం. ఇక్కడే అందరూ తడబడతారు. "బరువు తగ్గారా?" అని అడిగితే "లేదు, బాగానే ఉన్నాను" అంటారు. పిల్లలకు టెన్షన్ పెట్టకూడదని కొందరు అలా అంటారు, కొందరికి నిజంగానే తెలియదు. అందుకే ఆ ప్రశ్న అడగనే వద్దు. పాత ప్రిస్క్రిప్షన్లు, ఆసుపత్రి కాగితాలు తీయండి, వాటి మీద తేదీతో సహా బరువు రాసి ఉంటుంది. అవి దొరక్కపోతే ఉంగరం వదులైందా, నడుము దగ్గర బట్టలు జారుతున్నాయా, కట్టుడు పళ్ళు కదులుతున్నాయా చూడండి.

పాత బరువులోంచి ఇప్పటి బరువు తీసేసి, వచ్చినదాన్ని పాత బరువుతో భాగించి వందతో హెచ్చించండి. 64 కిలోల మనిషి 60కి వస్తే తగ్గింది 6.25 శాతం. ఆరు నెలల్లో 5 శాతం దాటినా, అంతకంటే ఎక్కువ కాలంలో 10 శాతం దాటినా డాక్టరుకు చూపించాల్సిందే. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) బాగానే ఉందని ఊరుకోవద్దు. 80 కిలోల నుంచి 70కి పడిపోయిన మనిషి బీఎంఐ మామూలుగానే కనిపించవచ్చు, లోపల కండ మాత్రం పోయి ఉంటుంది.

ఇంకో మోసం ఉంది. కాళ్ళలో, పొట్టలో నీరు చేరితే తూకం తగ్గదు. గుండె, కిడ్నీ, లివర్ జబ్బులున్నవాళ్ళలో ఇది మామూలే. చీలమండ పైన వేలితో కాసేపు నొక్కి వదలండి. గుంట అలాగే నిలిచిపోతే ఆ రోజు బరువును నమ్మొద్దు, వాపు సంగతి పక్కనే రాసుకోండి.

మిగతాది సులువు. ఎంఎన్‌ఏ షార్ట్ ఫారం అని 65 దాటినవాళ్ళ కోసం ఒక ప్రశ్నావళి ఉంది. తిండి తగ్గడం, మూడు నెలల్లో బరువు తగ్గడం, నడక, ఈమధ్య వచ్చిన జబ్బు లేదా తీవ్రమైన మానసిక ఒత్తిడి, మతిమరుపు లేదా డిప్రెషన్, బీఎంఐ అనే ఆరు విషయాలకు మొత్తం 14 మార్కులు. 12 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఫర్వాలేదు, 8 నుంచి 11 అయితే ముప్పు ఉన్నట్టు, 7 లేదా అంతకంటే తక్కువైతే లోపం ఉన్నట్టు. నడుం వంగి ఎత్తు కొలవడం కుదరకపోతే బీఎంఐ బదులు పిక్క చుట్టుకొలత తీసుకోవచ్చు. కూర్చోబెట్టి, పిక్క బాగా లావుగా ఉన్నచోట టేపు బిగించకుండా కొలవండి. 31 సెంటీమీటర్ల కంటే తక్కువైతే ఆ ప్రశ్నకు సున్నా. కాళ్ళు వాచి ఉంటే ఈ కొలతా పనికిరాదు.

రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ రిపోర్టు చూపించి "అంతా బాగుంది" అనేవాళ్ళున్నారు. ఇన్‌ఫెక్షన్, ఇన్‌ఫ్లమేషన్ (ఒంటి లోపలి వాపు), లివర్ జబ్బుల వల్ల కూడా ఆల్బుమిన్ మారిపోతుంది. నా లెక్కలో నోటుబుక్కులోని నాలుగు బరువులు ఆ ఒక్క రిపోర్టు కంటే ఎక్కువ చెబుతాయి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు వాడుతున్న మందులన్నీ పట్టుకెళ్ళండి. మెట్‌ఫార్మిన్ (షుగర్ మందు), డిగాక్సిన్ (గుండె మందు) లాంటివి కొందరిలో ఆకలిని చంపేస్తాయి, అయినా మీ అంతట మీరు ఆపొద్దు. మింగేటప్పుడు దగ్గు వస్తోందా, నమలడం కష్టమా, ఒంటరిగా తింటున్నారా అన్నవీ చెప్పండి. ఐదు రోజులకు పైగా దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టకండి. రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. అలాంటివాళ్ళను ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.