బడిలోకి పెద్దలు - 3వ పాఠం: వచ్చినవాళ్లకు ఏం పని చెప్పాలి?

టీచర్లూ, పోయిన పాఠంలో, పిల్లల చదువుకు సాయంగా బడికి పిలవడానికి ఊళ్లో పగటిపూట కాస్త తీరిక దొరికే పెద్దవాళ్ల పేర్లు ఓ పది రాసుకోమన్నాను కదా, ఆ కాగితం తీసి పక్కన పెట్టుకోండి.

ముందు నేను చేసిన తప్పు చెప్తా. ఉరవకొండ వైపు ఓ ప్రైమరీ స్కూల్లో ఉన్నప్పుడు, రిటైరైన ఒక పెద్దాయన్ను "వచ్చి పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పండి సార్" అని పిలిచా. ఆయన పాపం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి క్రమశిక్షణ గురించి నలభై నిమిషాలు చెప్పారు, రెండో తరగతి పిల్లలు ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోయారు. మళ్లీ రాలేదాయన. రమ్మన్నానే గానీ, వచ్చి ఏం చేయాలో నేను చెప్పలేదు.

అందుకే ఈ పాఠమంతా ఒక్క చీటీ గురించే. పిలిచే ముందే రాసి చేతిలో పెట్టాలి, చదవడం రానివాళ్లకైతే చదివి వినిపించాలి. నేను రాసిన చీటీ ఒకటి ఇట్లుంటుంది: "మంగళవారం మధ్యాహ్నం 2 గంటలకు. మూడో తరగతి పిల్లలు నలుగురు. వరండాలో, నాకు కనపడేచోట. ఒక్కొక్కరూ ఒక పేజీ చదువుతారు, మీరు వినండి. 20 నిమిషాలు. తప్పు చదివితే దిద్దొద్దు, అర్థం కాకపోతే మాత్రం అడగండి." అంతే, ఇంతకు మించి రాస్తే మనుషులు బెదిరిపోతారు.

ఈ చీటీతో మొదట వచ్చింది మగ్గాల ఇంటి అవ్వ ఒకామె. "నాకు అచ్చరం ముక్క రాదు నాయనా, నేనేం చెప్పేది" అంది. చెప్పొద్దవ్వా, ఊరికే విను అన్నా. నేను చదివించేటప్పుడు ఒత్తులు, దీర్ఘాలు దిద్దుతూ కూర్చునేవాణ్ని, పిల్లలు గబగబా అక్షరాలు అప్పజెప్పేసి పోయేవాళ్లు. అవ్వకు అట్లా కుదరదు. "నాకేం అర్థం కాల్యా, ఆ నక్క ఎందుకు పోయింది? మల్ల చెప్పు" అంటుంది. చదివిందేమిటో ఆ పిల్లోడికి తెలిస్తే గదా ఆమెకు చెప్పేది! వాడు మళ్లీ పేజీలోకి వెళ్లి వెతుక్కునేవాడు. నిరక్షరాస్యులు మన తరగతికి పనికిరారు అనుకునే టీచర్లు ఇది ఒక్కసారి చేసి చూడండి.

లెక్కలకైతే నేత నేసేవాళ్లనే పిలవండి. కానీ ప్రసంగం వద్దు, ముందురోజే పిల్లల చేత ప్రశ్నలు రాయించండి: చీర నేయడానికి ఎన్ని రోజులు, కూలి ఎంత, అంటే రోజుకు ఎంత పడుతుంది? ఆయన జవాబులు చెప్తుంటే పిల్లలు భాగహారం వాళ్లే చేసుకుంటారు.

టైం సంగతి. వాన పడితే రైతు దొరకడు, సేద్యానికి పోతాడు, శెనక్కాయ పీకే రోజుల్లోనూ అంతే. నేతాయన సంగతి తిరగబడుతుంది, గుంత మగ్గంలో చెమ్మ దిగితే నేత ఆగిపోతుంది కాబట్టి వాన రోజుల్లోనే ఆయనకు తీరిక. మీ లిస్టులో ప్రతి పేరు పక్కన ఏ నెలలు కుదురుతుందో కూడా రాసుకోండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే స్కూల్ కమిటీ ఉంది గదా, అందులోవాళ్లనే ముందు అడగండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం, ప్రభుత్వ బడి కమిటీలో కనీసం 75 శాతం తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. 2024 డిసెంబర్ 7న ఆంధ్రప్రదేశ్ అంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు, బాగానే ఉంది, కానీ మనకు కావాల్సింది ఫోటో రోజు వచ్చేవాళ్లు కాదు, మామూలు మంగళవారం వచ్చేవాళ్లు.

రెండు విషయాల్లో మొహమాటం వద్దు. హెడ్మాస్టర్‌కు చెప్పకుండా ఎవరినీ లోపలికి తీసుకోకండి, వచ్చినవాళ్లు ఎంత పెద్దమనిషైనా సరే పిల్లలతో ఒంటరిగా తలుపేసిన గదిలో ఉండకూడదు. ఇంకొకటి, నోట్సులు దిద్దడం, మార్కులు వేయడం వాళ్ల చేతికివ్వొద్దు. ఫలానా వాళ్ల పిల్లోడికి ఏమీ రాదంట అనే మాట సాయంత్రానికల్లా రచ్చకట్ట మీదికి చేరుతుంది, ఆ తల్లి మళ్లీ బడి గడప తొక్కదు.

ఈ వారం పని: పది పేర్లలో ఒక్కటి తీసుకుని ఒక్క చీటీ రాయండి, 20 నిమిషాలు దాటొద్దు. అయిపోయాక టీ ఇచ్చి "ఎవరి దగ్గర ఇబ్బంది పడ్డారు?" అని అడిగి, వాళ్లు చెప్పింది చీటీ వెనకాల రాసిపెట్టుకోండి. నాలుగో పాఠానికి అది కావాలి, రెండు వారాలు వచ్చి మానేసినవాళ్ల దగ్గరికి మళ్లీ ఎట్లా వెళ్లాలో అందులో చూద్దాం.