పాత ట్రక్కుకి హీటెడ్ ఆక్సిజన్ సెన్సర్: 4వ పాఠం – హీటరు ఎర్తు

పోయిన పాఠంలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చి) కట్టి, మూడు వైర్ల సెన్సర్ బిగించుకున్నాం. పొగలో ఆక్సిజన్ చూసి పెట్రోలు ఎక్కువో తక్కువో చెప్పేది ఈ సెన్సర్, దాన్ని త్వరగా వేడెక్కించేది లోపలి హీటరు. ఆ తర్వాత తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతోందని కొందరు రాశారు. మైలేజీ పెరక్కపోగా తగ్గిందని, సైలెన్సర్ మూతి మసిబారిందని ఇంకొందరు రాశారు. ఇవి తేలకుండా ముందుకు వెళ్లడం దండగ. కనెక్టర్ల పాఠాన్ని వచ్చేసారికి జరిపాను.

బ్యాటరీ సంగతి చిన్నది. మీ చేతికొచ్చింది ఐదు కాళ్ల రిలే. దాని నడిమి కాలు 87ఏ. రిలేకి కరెంటు లేనప్పుడు, బ్యాటరీ కరెంటు వచ్చే 30వ కాలికి అతుక్కుని ఉండేది అదే. హీటరు వైరు దానికి తగిలిస్తే బండి ఆపినప్పుడు హీటరు కాలుతుంది, ఇంజన్ తిరిగేటప్పుడు ఆరిపోతుంది. వైరును 87కి మార్చండి. కొత్తగా కొనేవాళ్లు నాలుగు కాళ్ల రిలేనే అడగండి, నేను వాడేది అదే. రిలేను పనిచేయించే 86వ కాలికి కరెంటు నేను పెట్రోలు పంపు వైరు నుంచి తీసుకుంటాను. తాళం తిప్పి ఊరికే కూర్చుంటే పంపు రెండు సెకన్లు తిరిగి ఆగుతుంది, దాంతోపాటే హీటరూ ఆగుతుంది. అయితే ఆ కొమ్మ వైరుకి విడిగా 1 ఆంపియరు ఫ్యూజు ఉండాల్సిందే. అది ఎక్కడైనా షార్టయితే పంపు ఫ్యూజు పోయి బండి రోడ్డు మీద నిలబడిపోతుంది.

ఇక మైలేజీ. ముందు ఒక మాట: బాష్, ఎన్‌టీకే రంగుల పద్ధతిలో రెండు తెల్ల వైర్లు హీటరువి, నల్లది సిగ్నల్. నల్లగా ఉంది కదా అని దాన్ని ఎర్తు చేసినవాళ్లు ఇప్పుడే విప్పండి.

మిగతావాళ్లలో ఎక్కువమంది చేసింది ఒకటే పని. మన 1987–95 షెవీ, జీఎంసీ టీబీఐ (థ్రాటిల్ దగ్గరే పెట్రోలు చిమ్మే) ట్రక్కుల్లో సెన్సర్‌కి ఉన్నది ఒకే వైరు, ఊదారంగుది. తిరుగుదారి సెన్సర్ ఒంటి గుండా, మరల గుండా పొగ పోయే మ్యానిఫోల్డ్‌కీ, అక్కణ్ణించి ఇంజన్ బ్లాక్‌కీ పోతుంది. ఆ బ్లాక్ దగ్గర సున్నా ఎంతో ఈసీఎంకి (ఇంజన్ కంప్యూటరుకి) తెలియడానికి లేత గోధుమరంగు వైరు ఒకటి ఇంజన్ మీదికి వస్తుంది. వైరింగ్ బొమ్మలో దాని పక్కన ఆక్సిజన్ సెన్సర్ ఎర్తు అని రాసి ఉంటుంది. అది చూసి, రెండో తెల్ల వైరును తీసుకెళ్లి దానికే కలిపేశారు. ఈ పని ఎన్ని బళ్లలో చూసినా నాకు ఒళ్లు మండుతుంది. బొమ్మ చూసే కలుపుతారు కాబట్టి తప్పు చేశామన్న అనుమానమే రాదు.

లెక్క చూడండి. ఈ సెన్సర్ చెప్పేదంతా సుమారు 0.1 నుంచి 0.9 వోల్టు లోపలే. 0.45కి పైన ఉంటే పెట్రోలు ఎక్కువైందని, కింద ఉంటే తక్కువైందని అర్థం. హీటరు వేడెక్కాక కూడా సుమారు ఒక ఆంపియరు లాగుతుంది, చల్లగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. ముప్పై ఏళ్ల నాటి సన్న వైరు, తుప్పు పట్టిన రింగు కలిసి 0.3 ఓము ఉన్నాయనుకోండి. ఒక ఆంపియరు పారగానే అక్కడ 0.3 వోల్టు నిలుస్తుంది. ఈసీఎం సున్నా అనుకునేది బ్లాక్ కంటే 0.3 పైకి లేచిపోయింది. ఇప్పుడు సెన్సర్ నిజంగా 0.75 ఇస్తుంటే ఈసీఎంకి కనబడేది 0.45. ఇంజన్ పెట్రోలు తాగేస్తున్నా అంతా సరిగ్గా ఉందనుకుంటుంది. పళ్లెం కింద వేలు పెట్టి తూచిన త్రాసు ఇది. సిగ్నల్ ఇంకా కిందకీ పైకీ ఊగుతూనే ఉంటుంది కాబట్టి చెక్ ఇంజన్ లైటు వెలగకపోవచ్చు.

గోధుమరంగు వైరు బిగించిన బోల్టు కిందే విడిగా రింగు పెట్టామంటారా? బోల్టుకీ బ్లాక్‌కీ మధ్య తుప్పుంటే అదీ ఇదీ ఒకటే. ఫైర్‌వాల్‌కి (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకుకి) బిగించామంటారా? హెడ్ నుంచి ఫైర్‌వాల్‌కి వెళ్లే జడలా అల్లిన ఎర్తు పట్టీ ఈ వయసు బళ్లలో తరచూ తెగి ఉంటుంది. నా పద్ధతి వేరు: రిలే బ్యాటరీ పక్కనే పెట్టి, హీటరుకి 16 గేజి వైర్లు రెండూ జతగా లాగి, ఎర్తును నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కి బిగిస్తాను. వైరు కాస్త ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. నాలుగు వైర్ల సెన్సర్ తెచ్చుకున్నవాళ్లు బూడిదరంగు వైరును మాత్రం గోధుమరంగు దానికి కలపొచ్చు. అది సిగ్నల్ ఎర్తు, దాంట్లో హీటరు కరెంటు పారదు.

పరీక్ష ఇలా చేయండి. ఇంజన్ నడుస్తుండగా డిజిటల్ మల్టీమీటరును మిల్లీవోల్టుల్లో పెట్టండి. ఎర్ర మొన గోధుమరంగు వైరుకి ఈసీఎం వైపున, నల్ల మొన బ్లాక్ మీద గీకిన లోహానికి. అంకె చూసి, హీటరు ఫ్యూజు లాగండి. అంకె కదిలిందంటే హీటరు కరెంటు ఆ దారిలో పోతోందన్నమాట.

అభ్యాసం. ఇది ఓపికతో చేయాల్సింది. ఇంజన్ నడుస్తుండగా డాష్ కింద ఏఎల్‌డీఎల్ సాకెట్‌లో (ఈసీఎం లోపాలు చదివే సాకెట్) ఏ, బీ కాళ్లు కలిపితే చెక్ ఇంజన్ లైటు కొట్టుకోవడం మొదలవుతుంది. సెకనుకి రెండున్నర సార్లయితే ఓపెన్ లూప్, అంటే ఈసీఎం ఇంకా సెన్సర్ మాట వినడం లేదు. సెకనుకి ఒక్కసారయితే క్లోజ్డ్ లూప్, అంటే వింటోంది. మూడు ఉదయాలు హీటరు ఫ్యూజుతో, మూడు ఉదయాలు ఫ్యూజు లేకుండా, రాత్రంతా ఆగిన బండిని స్టార్ట్ చేసి, లైటు నెమ్మదించే వరకు ఎంతసేపు పట్టిందో రాయండి. తేడా పెద్దగా లేకపోతే కంగారు పడొద్దు. ఈసీఎం కూలెంటు వేడెక్కేదాకా కూడా ఆగుతుంది. అసలు తేడా తర్వాత తెలుస్తుంది: బండిని బాగా తిప్పుకొచ్చి పది నిమిషాలు ఐడిల్‌లో వదలండి. హెడర్లు (మ్యానిఫోల్డ్ బదులు వేసే గొట్టాలు) వేయించి సెన్సర్ కిందికి జరిగిన బళ్లలో ఫ్యూజు తీసినప్పుడు లైటు మళ్లీ వేగం అందుకుంటుందేమో, ఎన్నో నిమిషంలోనో రాసుకోండి. ఫ్యూజు పెట్టి కూడా అలాగే అయితే, వచ్చే పాఠానికి ముందు హీటరు కాళ్ల మధ్య ఓములు కొలిచి ఆ అంకె పంపండి.