డ్రిప్ ఫిల్టర్ దగ్గర ప్రెజర్ గేజ్ తప్పు చూపిస్తోందా?

డ్రిప్ ఫిల్టర్‌లోకి నీళ్లు వెళ్లేచోట ఒక గేజ్, బయటికొచ్చేచోట ఇంకొకటి ఉంటాయి. ఫిల్టర్ ఎప్పుడు కడగాలో చెప్పేది ఆ రెంటి మధ్య తేడానే. అవి తప్పు చూపిస్తే అనవసరంగా ఫిల్టర్ విప్పుతాం, లేదా విప్పాల్సినప్పుడు విప్పకుండా వదిలేస్తాం.

లోపలి ఏర్పాటు చాలా సులువు. డయల్ వెనక ఇంగ్లిష్ 'సి' ఆకారంలో వంచిన సన్నని లోహపు గొట్టం ఉంటుంది. దాన్ని గుండ్రంగా కాకుండా నొక్కినట్టు చదునుగా చేస్తారు. ఒక కొస నీళ్ల లైనులోకి తెరిచి ఉంటుంది, రెండోది మూసి ఉంటుంది. ప్రెజర్ ఎక్కేకొద్దీ, తిరునాళ్లలో పిల్లలు ఊదే కాగితపు పీకలాగా గొట్టం విప్పుకోబోతుంది. మూసిన కొస కదిలేది కొద్ది మిల్లీమీటర్లే. పళ్ల చక్రాలు ఆ కాస్త కదలికనే పెంచి ముల్లును తిప్పుతాయి. ఫ్రాన్స్‌లో బూర్డాన్ 1849లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. నేటికీ ఇదే నడుస్తోంది.

మోటారు ఆడుతున్నా ముల్లు సున్నా దగ్గరే ఉంది

గేజ్ కింద కాక్ (చిన్న వాల్వు) ఉంటే అది తెరిచి ఉందో లేదో ముందు చూడండి. తెరిచే ఉంటే గేజ్‌లోకి నీళ్లు వెళ్లే రంధ్రం పూడినట్టే. అది చాలా సన్నగా ఉంటుంది, కాస్త నాచో ఇసుకో చాలు. టెఫ్లాన్ టేపు ముక్క అడ్డం పడటం కూడా మామూలే. మోటారు ఆపి, ప్రెజర్ దిగాక గేజ్ విప్పండి. మోటారు ఒక్క క్షణం వేసి ఆ చోటు నుంచి నీళ్లు చిమ్మనివ్వండి. గేజ్‌లోకి తీగ లోతుగా దూర్చొద్దు. మళ్లీ బిగించేటప్పుడు మొదటి మర వదిలేసి టేపు చుట్టండి. స్పానర్ వేయాల్సింది కింది నాలుగు పలకల మీద. డయల్ పట్టుకుని తిప్పితే లోపలి గొట్టం మెలిపడుతుంది.

మోటారు ఆపినా ముల్లు సున్నాకు రావడం లేదు

చేను గేజ్ కంటే 5 మీటర్లు ఎత్తులో ఉండి, పైపులో నీళ్లు నిలిచి ఉంటే ముల్లు అర కిలో (చదరపు సెంటీమీటరుకు) చూపించడమే సరైన లెక్క. గేజ్ విప్పి చేతిలో పట్టుకుని చూడండి. అప్పుడూ సున్నాకు రాకపోతే, ఎప్పుడో ప్రెజర్ హద్దు దాటి గొట్టం సాగిపోయి ఉంటుంది. ముల్లు పీకి సున్నా దగ్గర పెడితే చూడ్డానికి బాగుంటుంది గానీ పైన అంకెలు కుదరవు. మార్చేయడమే మంచిది.

ముల్లు వణుకుతోంది

గబగబా వణికితే పంపు అదురు కారణం. కాక్ సగం మూయండి, లేదా గ్లిజరిన్ నింపిన గేజ్ పెట్టండి. అందులో పైన గాలి బుడగ కనిపిస్తే కారిపోయిందని టెన్షన్ పడక్కర్లేదు, అది ఉండాల్సిందే. ముల్లు మెల్లగా పైకీ కిందికీ ఊగుతుంటే బోరులో నీటిమట్టం తగ్గి మోటారు గాలి లాగుతోందేమో చూడండి. గేజ్ మారిస్తే అది పోదు.

రెండు గేజ్‌ల తేడా నమ్మేలా లేదు

అసలు తంటా ఇక్కడే. తేడా అర కిలోకు వస్తే ఫిల్టర్ కడగాలని చెబుతారు. చాలా చోట్ల పెట్టేదేమో 0–10 కిలోల గేజ్. దాని మీద 2.5 క్లాస్ అని ఉంటే మొత్తం స్కేలులో రెండున్నర శాతం, అంటే పావు కిలో అటూ ఇటూ తప్పు చూపించవచ్చు. ఒకటి ఎక్కువ, ఇంకొకటి తక్కువ చూపిస్తే ఆ అర కిలో గేజ్‌ల తప్పులోనే కొట్టుకుపోతుంది.

రెంటినీ అటూ ఇటూ మార్చి, అంతే నీరు పారుతుండగా మళ్లీ చూడండి. మొదట లోపలి వైపు 2.0, బయటి వైపు 1.4 ఉన్నాయనుకుందాం, తేడా 0.6. మార్చాక లోపలి వైపు 1.6, బయటి వైపు 1.8 వచ్చాయి. ఫిల్టర్ దాటాక ప్రెజర్ పెరగడమనేది ఉండదు కాబట్టి దొంగ గేజ్‌లోనే ఉంది. 0.6, మైనస్ 0.2 కలిపి సగం చేస్తే అసలు తేడా 0.2. ఫిల్టర్ శుభ్రంగానే ఉందన్నమాట.

నన్నడిగితే రెండు చోట్లా కాక్‌లు పెట్టి ఒకే గేజ్‌తో చూసుకోవడం మేలు. దాని తప్పు రెండు వైపులా దాదాపు ఒకటే కాబట్టి తేడాలోంచి పోతుంది. లైను 2 కిలోల దగ్గర నడిస్తే 0–4 గేజ్, 1.6 క్లాస్‌ది కొనండి, తప్పు 0.06కి దిగుతుంది. కాకపోతే వాల్వులన్నీ మూసినప్పుడు మీ మోటారు 4 కిలోలు దాటిస్తుందేమో ముందు చూసుకోండి. డ్రిప్ పైపులు శుభ్రం చేయడానికి యాసిడ్ ఎక్కించే రోజు కాక్ మూసి ఉంచండి, ఇత్తడిని అది తినేస్తుంది.