పాత వస్తువు అమ్ముతున్నారా? ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే ముందు ఇవి చూసుకోండి

వాడిన ఫోనో, కెమెరానో, సైకిలో అమ్మకానికి పెట్టినప్పుడు మన టెన్షనంతా బేరం దగ్గరే ఉంటుంది. నిజానికి జాగ్రత్త పడాల్సింది బేరం కుదిరిన తర్వాత. డబ్బు పంపానని అవతలివాళ్లు చెప్పడం ఒకటి, అది మన అకౌంట్‌లో కనిపించడం ఇంకొకటి, ఇక ఎవరూ వెనక్కి లాగలేనంతగా అది మనదైపోవడం మరొకటి. మోసాలు ఎక్కువగా ఈ మూడింటి మధ్య ఉన్న సందులోనే జరుగుతాయి, అందుకే వస్తువు చేతులు మారేముందు మీ డబ్బు ఏ దశలో ఉందో మీకు తెలియాలి.

ముందు స్క్రీన్‌షాట్ సంగతి. నేను ఒకసారి పాత కెమెరా అమ్ముతుంటే కొనడానికి వచ్చినతను "పంపేశానండీ, చూడండి" అని తన ఫోన్ చూపించాడు. పచ్చటి టిక్కు, నా పేరు, మాట్లాడుకున్న మొత్తం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి, నా అకౌంట్‌లో మాత్రం ఏమీ పడలేదు. సర్వర్ స్లోగా ఉంది, పది నిమిషాల్లో పడుతుంది, నాకు బస్సు టైమవుతోంది అని తొందరపెట్టాడు. మొహమాటంతో ఇచ్చేయబోయి, ఎందుకో ఆగి "పడేదాకా ఇక్కడే కూర్చుందాం" అన్నాను. ఫోన్ మాట్లాడి వస్తానని బయటికి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. పేమెంట్ యాప్‌లను అచ్చుగుద్దినట్టు చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి, కాబట్టి అవతలివాళ్ల ఫోన్‌లో ఏం కనిపించినా లెక్కలోకి తీసుకోకండి. మీకొచ్చిన ఎస్సెమ్మెస్‌ను కూడా నమ్మొద్దు, ఎందుకంటే పంపేవాళ్ల పేరు మార్చి మెసేజ్ పంపడం సాధ్యమే, అలా వచ్చిన దొంగ మెసేజ్ మీ బ్యాంకు పాత మెసేజ్‌ల కిందే వచ్చి చేరుతుంది. మీ యాప్ మీరే తెరిచి, బ్యాలెన్స్ చూసి, లావాదేవీల జాబితాలో ఆ మొత్తం ఉందో లేదో చూడండి.

డబ్బు రావడానికి మీరు పిన్ కొట్టక్కర్లేదు, ఓటీపీ చెప్పక్కర్లేదు, వాళ్లు పంపిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేయక్కర్లేదు. ఇవన్నీ డబ్బు పంపడానికే. "మీ డబ్బు తీసుకోవడానికి ఈ లింక్‌లో కార్డు వివరాలు ఇవ్వండి" అని కొరియర్ కంపెనీ పేరుతో పేజీ వచ్చినా, "నేను సాయం చేస్తాను, స్క్రీన్ షేర్ చేయండి" అన్నా మాట ఆపేసి బ్లాక్ చేయండి.

ఇక డబ్బు నిజంగానే వచ్చి, తర్వాత వెనక్కి పోయే కేసులు. కార్డుతో కట్టినవాళ్లు తమ బ్యాంకుకు ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి అడగొచ్చు, దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లో చాలా కారణాలకు దీని గడువు 120 రోజులు. పేపాల్ అనే ఆన్‌లైన్ పేమెంట్ సర్వీసుతో కట్టి కొన్నవాళ్లు వివాదం లేవనెత్తడానికి 180 రోజుల దాకా టైముంది. అంటే మీరు వస్తువు ఇచ్చి, ఆ డబ్బు ఖర్చుపెట్టి, అంతా మర్చిపోయాక కూడా ఫిర్యాదు రావచ్చు. అప్పుడు మిమ్మల్ని కాపాడేది వస్తువు పంపినట్టున్న రుజువే. పేపాల్‌లో అమ్మేవాళ్లకు రక్షణ కావాలంటే లావాదేవీలో చూపించిన చిరునామాకే పంపాలి, అందుకే డబ్బు కట్టాక "వేరే అడ్రస్‌కు పంపండి" అనేవాళ్లకు ఒప్పుకోకండి, కావాలంటే డబ్బు తిరిగిచ్చి సరైన చిరునామాతో మళ్లీ కట్టమనండి. నేరుగా వచ్చి తీసుకెళ్లేవాళ్ల దగ్గర ట్రాకింగ్ నంబర్ ఉండదు కాబట్టి, అలాంటప్పుడు కార్డు, పేపాల్ కాకుండా నగదు తీసుకోవడమే మేలని నా అభిప్రాయం.

చాలామందికి తెలియని ఇంకో మోసం ఉంది, నాకు అన్నిటికంటే భయం వేసేది ఇదే. మోసగాడు మీ ఫొటోలతోనే మరోచోట ప్రకటన పెడతాడు, ఎవరో అమాయకులు కొంటామంటే కట్టడానికి మీ అకౌంట్ నంబర్ ఇస్తాడు. డబ్బు మీకు పడుతుంది, అతను దర్జాగా వచ్చి వస్తువు పట్టుకెళ్తాడు. డబ్బు కట్టి వస్తువు రానివాళ్లు ఫిర్యాదు చేస్తే అందులో ఉండేది మీ అకౌంటే. దాన్ని స్తంభింపజేయవచ్చు, ఏ తప్పూ చేయని మీరు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది. దొంగిలించిన అకౌంట్ నుంచి వచ్చిన డబ్బుతోనూ ఇదే తిప్పలు. కాబట్టి కట్టినవాళ్ల పేరు, ఎదురుగా నిలబడ్డ మనిషి పేరు ఒకటేనా చూడండి. "మా తమ్ముడి అకౌంట్ నుంచి పంపించాను" అంటే, ఆ తమ్ముడితో మాట్లాడించమనో, తన అకౌంట్ నుంచే కట్టమనో మొహమాటం లేకుండా అడగండి.

ఎక్కువ డబ్బు పంపి, "పొరపాటున పడింది, మిగతాది ఈ నంబర్‌కు వేయండి" అని అడగడం కూడా అలాంటిదే. మీరు వేరే అకౌంట్‌కు పంపింది మీ సొంత డబ్బు, తర్వాత మొదటి పేమెంట్ రద్దయితే రెండు విధాలా పోతుంది. వచ్చిన దారిలోనే, ఆ లావాదేవీలో ఉండే రిఫండ్ ఆప్షన్‌తో మొత్తం వెనక్కి పంపండి, అది లేకపోతే బ్యాంకుకు చెప్పండి. చెక్కు అయితే అకౌంట్‌లో కనిపించినా తర్వాత బౌన్స్ కావచ్చు, తెలియనివాళ్ల దగ్గర తీసుకోకండి.

అమ్మే రోజు ఇలా చేయండి. పగటిపూట, నలుగురు తిరిగే చోట కలవండి, మీ ఫోన్‌లో మీ సొంత డేటా వాడండి. వస్తువు మీ చేతిలో ఉండగానే డబ్బు కట్టించుకుని, యాప్‌లో చూసుకుని అప్పుడు ఇవ్వండి. తక్కువ డబ్బు ఉండే అకౌంట్ ఒకటి అమ్మకాలకు విడిగా ఉంచుకుంటే ఇంకా మంచిది. సీరియల్ నంబర్ రాసుకోండి, అది కనిపించేలా ఫొటో తీయండి, కొరియర్‌లో పంపేదైతే ప్యాక్ చేసేటప్పుడు వీడియో తీయండి, తేదీ, మొత్తం, ఇద్దరి పేర్లతో చిన్న రసీదు రాసి సంతకాలు పెట్టుకోండి.

ఇంత చూసుకున్నా మోసం జరిగితే, సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే బ్యాంకుకు ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కు జారిపోతుంది. పిన్, పాస్‌వర్డ్ మార్చండి, పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. కోపంలో చాట్ డిలీట్ చేయకండి, ఆ మెసేజ్‌లు, వాళ్ల నంబరు, లావాదేవీ నంబరు ఫిర్యాదులో రాయడానికి కావాలి.